నవ్వు ఎప్పుడొచ్చింది: పేజీ తిప్పకముందా, తిప్పాకా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. బాబుకి నాలుగున్నరేళ్ళు. నవ్వొచ్చే బొమ్మల పుస్తకాలు ఒక డజను కొన్నారు. రోజూ రాత్రి చదివి వినిపిస్తే పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. కానీ "ఏనుగు ఎందుకు పడింది నాన్నా?" అని అడిగితే మాత్రం "ఏమో" అంటున్నాడు. స్కూల్లో ఇచ్చిన కాజ్ అండ్ ఎఫెక్ట్ వర్క్‌షీట్‌లో ఆరింటికి నాలుగు తప్పులు. ఈ పుస్తకాలు ఏమైనా నేర్పుతాయా, ఊరికే కాలక్షేపమా, నేర్పేట్టయితే ఎలా చదవాలి అన్నది మీ ప్రశ్న.

హైదరాబాద్‌లో ఇరవై మూడేళ్ళు నర్సరీ, యూకేజీ పిల్లలకి చెప్పాను. ఉద్యోగం మానేశాక ఇప్పుడు ఆదివారం పొద్దున్నే మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చాప పరిచి, వచ్చినవాళ్ళకి కథలు చదువుతుంటాను. నేను చూసినంతలో, నవ్వాల్సిన చోట నవ్వే పిల్లాడికి సగం పని అయిపోయినట్టే. మిగతా సగంలో చిక్కు ఎక్కువగా మనం అడిగే తీరులో ఉంటుంది.

ఎలాగంటారా? బొమ్మలో అరటితొక్క ఉంది, దాని మీద పడబోతున్న కాలు ఉంది. అంతే, ఇంకా ఎవరూ పడలేదు. ఆ బొమ్మ చూసి పిల్లాడు నవ్వాలంటే తొక్క జారుతుందని వాడికి ముందే తెలిసుండాలి. తెలియని పిల్లాడు ఆ బొమ్మని గోడ మీది బల్లిని చూసినట్టు చూసి ఊరుకుంటాడు. అసలు ఒకదాని వల్ల ఇంకోటి కదిలిందన్న చూపు పిల్లలకి చాలా చిన్నప్పుడే ఉంటుంది. ఒక రంగు ముక్క వచ్చి ఇంకో ముక్కకి తగలగానే అది కదలడం, తగిలాక కాస్త ఆగి కదలడం, ఈ రెండిటికీ తేడా ఆరు నెలల పిల్లలు కూడా గమనిస్తారని లెస్లీ, కీబుల్ అనే పరిశోధకులు 1987లో రాశారు. చూపు అప్పుడే ఉంది, మాట మాత్రం కొన్నేళ్ళ తర్వాత వస్తుంది. మీ వాడి "ఏమో" ఈ రెండిటికీ మధ్య ఎక్కడో ఉంది.

అలాగని నవ్వులన్నీ ఒకటి కాదు. మనం నవ్వితే నవ్వుతారు, ఏనుగు మొహం చూసి నవ్వుతారు, మనం "ధబేల్" అన్న తీరుకి నవ్వుతారు. వాటిలో తప్పేం లేదు గానీ వాటికీ కారణం అర్థం కావడానికీ సంబంధం లేదు. ఏది ఏ నవ్వో తెలుసుకోవడానికి నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే. చదివేటప్పుడు పుస్తకం వైపు కాకుండా వాడి మొహం వైపు చూడండి. నవ్వు పేజీ తిప్పకముందు వచ్చిందా, తిప్పాక వచ్చిందా?

ఎడమ పేజీలో ఏనుగు ఉయ్యాల ఎక్కుతోంది, పైన మూలలో తాడు పీచులు పీచులుగా ఊడుతోంది అనుకోండి. అక్కడే, తిప్పకముందే, వాడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మీ వైపు చూశాడంటే తాడు సంగతి పట్టేశాడన్నమాట. తిప్పాక కింద పడ్డ ఏనుగుని చూసి మాత్రమే నవ్వాడంటే ఇంకా తాడుని చూడలేదు. అప్పుడు మీరు చెయ్యాల్సింది పాఠం చెప్పడం కాదు. మర్నాడు అదే పేజీ దగ్గర ఇంకో ఐదు సెకన్లు ఆగడం. పేజీ మూల వేలితో పట్టుకుని, ఎత్తి, తిప్పకుండా ఆగండి. అంతే. ఆ ఐదు సెకన్లలో పిల్లాడి కళ్ళు బొమ్మంతా వెతుకుతాయి. మా సెల్లార్‌లో ఆ సమయంలో "తిప్పొద్దు టీచర్, తిప్పొద్దు, పడిపోద్ది!" అని అరిచేవాళ్ళు ఉంటారు. నేను తిప్పకపోతే ఏనుగు పడదని వాళ్ళ నమ్మకం. తిప్పడమే ఏనుగు పడడానికి కారణమన్నమాట! ఒకందుకు అదీ నిజమే కదా.

ఈ సంగతి నాకు మొదటి నుంచీ తెలుసని అనుకోకండి. చేరిన కొత్తలో నేను కథ అయిపోగానే పుస్తకం మూసి, చేతులు కట్టుకుని, "పిల్లలూ, ఈ కథ వల్ల మనం ఏం నేర్చుకున్నాం?" అని అడిగేదాన్ని. అరటితొక్క కథ ఒకటి చదివినప్పుడు క్లాసు మొత్తం ఒకే గొంతుతో "తొక్క దారిలో వెయ్యకూడదు టీచర్" అంది. నాకు భలే సంతోషం వేసింది. మర్నాడు లంచ్ బ్రేక్‌లో మా క్లాసు పిల్లాడు ఒకడు తన టిఫిన్‌లో వచ్చిన అరటిపండు తిని, తొక్కని వరండా మధ్యలో జాగ్రత్తగా, లోపలి తెల్లటి వైపు నేలకి ఆనేలా పరిచి, స్తంభం వెనక నిలబడి చూస్తున్నాడు. ఆయమ్మ కాలు జారి గోడ పట్టుకుని, "ఎవరేసిండ్రురా ఇక్కడ తొక్క?" అని కేకేసింది. వాడు స్తంభం వెనక నుంచి చప్పట్లు కొట్టాడు. నీతి వాడికి ఒక్క ముక్క ఎక్కలేదు. కార్యకారణం మాత్రం నూటికి నూరు ఎక్కింది, ఏ వైపు నేలకి ఆనాలో కూడా వాడే కనిపెట్టుకున్నాడు. వాడిని కోప్పడ్డాను, ఆయమ్మకి సారీ చెప్పించాను, కానీ ఆ రోజు నుంచి "ఏం నేర్చుకున్నాం" అన్న ప్రశ్న మానేశాను. ఆ ప్రశ్న వేయగానే పిల్లలు కథలోంచి బయటికొచ్చి మనకి ఏ జవాబు కావాలో వెతుక్కుంటారు. మీ ఇంట్లో "ఎందుకు పడింది నాన్నా?" అన్నదీ బహుశా అలాగే వినిపిస్తోంది. నవ్వు మధ్యలో పరీక్ష పెట్టినట్టు.

అందుకని మొదటిసారి చదివేటప్పుడు ఏమీ అడక్కండి. పూర్తిగా నవ్వనివ్వండి. రెండో మూడో రోజు నుంచి పేజీ దగ్గర ఆగడం మొదలుపెట్టండి, అప్పుడు కూడా "ఎందుకు" వద్దు, "ఇప్పుడేమవుద్ది?" చాలు. ముందుకి అడగడం సులువు, వెనక్కి అడగడం కష్టం. "ఎందుకు" అన్నది వెనక్కి అడగడం. పుస్తకం వాడికి కంఠతా వచ్చాక, వారం పదిరోజులకి, చివరి పేజీ నుంచి మొదటికి తిప్పుతూ చదవండి. "ఏనుగు నేల మీదుంది. అంతకుముందు ఎక్కడుంది? అరె, ఉయ్యాల మీద. మరి ఇక్కడికెలా వచ్చింది?" పుస్తకం తిరగేసి చదవడమే ఒక పెద్ద జోకు వాళ్ళకి.

వెనక్కి అడగడం అన్నాను కాబట్టి చెప్పాలి. ఇందులో మనకంటే ముందు మన అవ్వలు ఆరితేరారు. ఏడు చేపల కథ మీ ఇంట్లో చెప్తారా? చెప్పకపోతే ఈ రాత్రే మొదలుపెట్టండి. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకెళ్ళి ఏడు చేపలు తెచ్చారు, ఎండబెట్టారు, ఒక చేప ఎండలేదు. చేపా చేపా ఎందుకెండలేదు? గడ్డివాము అడ్డమొచ్చింది. గడ్డివామా ఎందుకడ్డమొచ్చావు? ఆవు మెయ్యలేదు. ఆవెందుకు మెయ్యలేదు? పాలేరు విప్పలేదు. పాలేరెందుకు విప్పలేదు? అమ్మ అన్నం పెట్టలేదు. అమ్మెందుకు పెట్టలేదు? పిల్లాడు ఏడ్చాడు. ఎందుకేడ్చావురా? చీమ కుట్టింది. చీమా చీమా ఎందుకు కుట్టావు? నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా! ఒక్కో ఇంట్లో ఒక్కో మాట మారుతుంది, గొలుసు మాత్రం ఇదే. ఫలితం నుంచి మొదలై ఒక్కో మెట్టూ వెనక్కి దిగుతూ కారణం దగ్గరికి వెళ్తుంది. ఎండని చేపకీ చీమ పుట్టకీ ఏం సంబంధం అనిపిస్తుంది, చూస్తే మధ్యలో ఒక్క లింకు కూడా తెగలేదు. నవ్వు కూడా అక్కడే ఉంది, రాజుగారి చేప ఎండకపోవడానికి ఇంత చీమ, అది కూడా రోషంగా ఎదురు ప్రశ్న వేస్తోంది.

ఈ కథ పిల్లలతో చాలాసార్లు ఆడాక నాకు తట్టింది ఒకటుంది. ఇందులో మూడు కారణాలు "లేదు"లే. మెయ్యలేదు, విప్పలేదు, పెట్టలేదు. ఎవరో ఏదో చెయ్యడం వల్ల కాక, చెయ్యకపోవడం వల్ల జరిగిన సంగతులు. పెద్దవాళ్ళకి ఇది తేడా అనిపించదు గానీ నాలుగేళ్ళ పిల్లలకి చాలా తేడా. తన్నితే బంతి కదలడం కంటికి కనిపిస్తుంది. ఆవు మెయ్యకపోవడాన్ని బొమ్మ ఎలా వేస్తారు? ఊరికే నిలబడ్డ ఆవుని వేస్తే పిల్లాడికి ఆవే కనిపిస్తుంది, మెయ్యకపోవడం కనిపించదు. అందుకే ఈ కథ బొమ్మల్లో చూపించేటప్పుడు కంటే నోటితో చెప్పేటప్పుడు బాగా ఎక్కుతుంది. "మెయ్యలేదు" అన్న మాట బొమ్మ చెయ్యలేని పని చేస్తుంది.

నేను దీనికి అగ్గిపెట్టెలు వాడతాను. ఖాళీ పెట్టెలు ఏడు తీసుకుని, ఒక్కోదాని మీద తెల్ల కాగితం అంటించి చీమ, పిల్లాడు, అమ్మ, పాలేరు, ఆవు, గడ్డివాము, చేప బొమ్మలు వేయించండి. ఆవు ఆవులా లేకపోయినా పరవాలేదు. నిలువుగా, దగ్గర దగ్గరగా వరసలో నిలబెట్టండి. కథ చేప నుంచి వెనక్కి చెప్పించండి, ఒక్కో పెట్టెనీ వేలితో ముట్టుకుంటూ. చీమ దగ్గరికి రాగానే చీమని తోయమనండి. టపటపా పడుకుంటూ వెళ్ళి చివర చేప పడుతుంది. ఒకే గొలుసు మాట్లాడేటప్పుడు వెనక్కి, జరిగేటప్పుడు ముందుకి. తర్వాత అసలు సరదా. అమ్మ పెట్టె తీసేసి, "అమ్మ ఒక చేత్తో పిల్లాడిని ఎత్తుకుని ఇంకో చేత్తో అన్నం పెట్టేసింది అనుకో, ఇప్పుడు తోయి" అనండి. చీమ పడుతుంది, పిల్లాడు పడతాడు, పాలేరు నిలబడే ఉంటాడు. చేప ఎండింది! ఈ ఖాళీ దగ్గర పిల్లలు చేసే గోల మీరు వినాలి. ఆ తర్వాత వాళ్ళే ఒక్కో పెట్టె తీసి చూస్తారు, మీరు చెప్పక్కర్లేదు.

పుస్తకం కొనకపోయినా పరవాలేదన్నదానికి ఒక ఉదాహరణ. రెండు ఏ-4 కాగితాలు మధ్యకి మడిచి స్టేప్లర్ కొడితే ఎనిమిది పేజీల పుస్తకం. నేను వేసిన బొమ్మలు మా మనవడు చూసి "ఇది తాతా, బంగాళాదుంపా?" అన్నాడు, అంత గొప్ప బొమ్మలు. కథ ఇది. తాత ఇరానీ చాయ్ ముందు పెట్టుకుని ఉస్మానియా బిస్కెట్ ముంచాడు. ఫోన్ మోగింది. తాత మాట్లాడుతున్నాడు, బిస్కెట్ చాయ్‌లోనే ఉంది. చెయ్యి ఎత్తేసరికి సగం బిస్కెట్టే ఉంది. తాత బల్ల కింద వెతుకుతాడు, జేబులో వెతుకుతాడు, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ వెతుకుతాడు. పక్కనున్న పిల్లి మాత్రం కప్పులోకి చూస్తోంది. చివర్లో చెంచా.

సెల్లార్‌లో చదివాను. "సగం బిస్కెట్ ఏమైంది?" అన్నదానికి అందరూ "చాయ్‌లో!" అని అరిచారు. మూడో వారం, పుస్తకం బాగా నలిగాక, అది ఎందుకు విరిగిందో మాట్లాడుకున్నాం. ఒకడు తాత గట్టిగా పట్టుకున్నాడన్నాడు. ఒకడు చాయ్ వేడిగా ఉందన్నాడు. ఇంకొకడు మెత్తబడిందన్నాడు, నేను మనసులో శభాష్ అనుకున్నాను. అప్పుడు వెనక కూర్చునే ఒక పిల్ల, నెలరోజులుగా నోరు విప్పనిది, "ఫోనొచ్చింది, గందుకే" అంది. మిగతావాళ్ళు ఒప్పుకోలేదు. "ఫోను బిస్కెట్ని ఇరగ్గొడ్తదా?" అని గొడవ. ఆ పిల్ల తొణకలేదు. "ఫోను రాకపోతే తాత తినేస్తుండె" అంది.

నాలుగేళ్ళ పిల్లల మధ్య అంతకంటే మంచి చర్చ నేను వినలేదు. మెత్తబడడం దగ్గరి కారణం, ఫోన్ దూరపు కారణం, రెండూ నిజమే. ఏది కరెక్టో నేను చెప్పలేదు, చెప్పుంటే చర్చ అక్కడే ఆగిపోయేది. ఆ తర్వాతి ఆదివారం రెండు గ్లాసుల గోరువెచ్చని పాలు, ఒక ప్యాకెట్ బిస్కెట్లు పట్టుకెళ్ళాను. ఒకటి మూడు లెక్కపెట్టేవరకు ముంచాలి, ఇంకోటి ఇరవై వరకు. అందరూ గట్టిగా లెక్కపెట్టారు. ఇరవై అయ్యింది, బిస్కెట్ విరగలేదు! నేను కథలు మాట్లాడుతూ మాట్లాడుతూ పాలు చల్లార్చేశాను. నా మొహం చూసి పిల్లలకి ఒకటే నవ్వు. చాయ్ వేడిగా ఉందన్నవాడు లేచి నిలబడి, "నేను చెప్పలే?" అన్నాడు. ప్లాన్ ప్రకారం జరిగుంటే ఆ పిల్లాడి కారణం గాలికి పోయుండేది. మీ ఇంట్లో చేసేటప్పుడు గ్లాసు పెద్దవాళ్ళు పట్టుకోండి, వేడి మరీ ఎక్కువ వద్దు, కానీ మీ ప్రయోగం చెడిపోతే మాత్రం కంగారుపడి సరిదిద్దకండి.

ఇక వర్క్‌షీట్. ఆరింటికి నాలుగు తప్పు అని మీరు టెన్షన్ పడుతున్నారు గానీ, ఆ షీట్ ఇంగ్లిష్‌లో ఉందా? మన వాక్యం ఎలా నడుస్తుందో చూడండి. "తొక్క మీద కాలేసి జారి పడ్డాడు." కారణం ముందు, ఫలితం చివర, జరిగిన వరసలోనే. "వాన పడితే తడుస్తాం", "వాన పడింది కాబట్టి తడిశాం", అన్నీ అదే వరస. ఇంగ్లిష్‌లో "బికాజ్" వాక్యం మామూలుగా తలకిందులు: పడ్డాడు ముందు, తొక్క తర్వాత. మన "ఎందుకంటే" కూడా అదే బాపతు, అందుకే పిల్లలు దాన్ని ఆఖర్న పట్టుకుంటారు. ఇంట్లో తెలుగు, స్కూల్లో ఇంగ్లిష్, ఆటల్లో హిందీ అయిన మన హైదరాబాదీ పిల్లాడు రెండు వరసల మధ్య నలిగి "తొక్క మీద కాలేశాడు బికాజ్ పడ్డాడు" అంటాడు. వాడికి కారణం తెలియక కాదు, ఏ ముక్క ఎటువైపు పెట్టాలో తెలియక. ఇలాంటి తిరగబడ్డ వాక్యాలు జెనీవాలో పిల్లలతో మాట్లాడిన పియాజే అనే మనస్తత్వవేత్త కూడా 1920లలోనే రాసిపెట్టుకున్నాడు, అంటే ఇది ఒక్క మన పిల్లల గొడవే కాదు. ఆ షీట్‌లోని బొమ్మలు కత్తిరించి వాడి ముందు పరిచి, తెలుగులో "ముందేది?" అని అడగండి. ఆరూ సరిగ్గా పెడితే వర్క్‌షీట్ మార్కులు మర్చిపోండి. మీరు చదివేటప్పుడు "-తే" మాటలు ఎక్కువ వాడండి: "ఊదితే?", "లాగితే?", "ఎక్కితే?" వాక్యం సగంలో ఆపితే మిగతాది వాడే పూరిస్తాడు.

ఒకటి మాత్రం జాగ్రత్త. "వేసి", "జారి" లాంటి మాటలు, "-తే" మాటలు వాడినంత మాత్రాన కారణం అయిపోదు. "జారి పడ్డాడు"లో జారడం వల్ల పడ్డాడు. "తిని పడుకున్నాడు"లో తినడం వల్ల పడుకోలేదు, ముందు తిన్నాడు, తర్వాత పడుకున్నాడు. ఆరేడేళ్ళొచ్చాక ఈ తేడా మీదే మంచి నవ్వు పుడుతుంది. పరమానందయ్య శిష్యులు ఏరు మేలుకొని ఉందో నిద్రపోతోందో చూడడానికి మండే కొరివి ముంచుతారు. చుయ్‌మంటే, అమ్మో ఏరు మేలుకొనే ఉంది అని వెనక్కి పరిగెడతారు. తర్వాత ఆరిపోయిన కొరివి ముంచితే చప్పుడు ఉండదు, హమ్మయ్య నిద్రపోయింది అని దాటతారు. చప్పుడుకి అసలు కారణం తెలిసిన పిల్లాడే దీనికి నవ్వగలడు. మీ వాడికి ఇంకా రెండేళ్ళు ఆగండి.

అన్నిటికంటే నాకు దిగులుగా అనిపించే సంగతి వేరే ఉంది. మన పిల్లల పుస్తకాల్లో అల్లరి చేసినవాడికి చివర్లో ఏదో ఒక దెబ్బ తగలాల్సిందే. కుక్కని కొట్టాడు, రాయి తగిలి పడ్డాడు. అమ్మ మాట వినలేదు, వాన కురిసి బొమ్మ తడిసింది. చూడ్డానికి కార్యకారణంలా ఉంటుంది, కాదు. కుక్కకీ రాయికీ మధ్య గొలుసు లేదు, శిక్ష ఉంది. పియాజే 1932లో వచ్చిన పుస్తకంలో ఇదే చూపించాడు. దొంగతనం చేసి పారిపోతున్న పిల్లాడు పాత చెక్క వంతెన మీద నుంచి నీళ్ళలో పడితే, చాలామంది చిన్నపిల్లలు వాడు దొంగతనం చేశాడు కాబట్టే వంతెన విరిగిందన్నారు. దొంగతనం చెయ్యకపోతే విరిగేది కాదన్నారు. మా క్లాసులో ఒక పాప ఒకరోజు గుడ్లనిండా నీళ్ళతో వచ్చి, "నేను రాత్రి అన్నం పారేశాను టీచర్, అందుకే కరెంటు పోయింది, తాతయ్యకి ఉక్కపోసింది" అంది. ఇంట్లో ఎవరో సరదాకి అన్న మాటే అయ్యుంటుంది. ఆ పాప రాత్రంతా మోసింది. కాబట్టి నవ్వుల పుస్తకం ఎంచేటప్పుడు నేను మొదట చూసేది ఇదే: తగిలిన దెబ్బ నిజంగా చేసిన పని నుంచే వచ్చిందా? ఆనకట్ట వేసినట్టు మంచం చుట్టూ దిళ్ళు పేర్చి, లోపల తనే ఇరుక్కుపోయిన ఎలుగుబంటి అయితే సరే. అబద్ధమాడితే నెత్తి మీద కొబ్బరికాయ పడిన ఎలుగుబంటి వద్దు. లావుగా ఉన్న పిల్లాడు కూర్చుంటే కుర్చీ విరిగే పుస్తకాలు కూడా నేను తీసుకోను, క్లాసులో అలాంటి పిల్లాడు ఒకడుంటాడు, మర్నాటి నుంచి వాడి పేరే మారిపోతుంది.

షాపులో పుస్తకం పట్టుకున్నప్పుడు అక్షరాలున్న చోట చెయ్యి అడ్డం పెట్టి బొమ్మలు మాత్రమే చూడండి. కథలో ఉన్నవాళ్ళకి కనిపించనిది, చదివే పిల్లాడికి కనిపించేది మూలలో ఏదైనా ఉందా? పీచులూడుతున్న తాడు, మూత సరిగా పెట్టని డబ్బా, కుర్చీ కింద తోక పెట్టి పడుకున్న పిల్లి. ఉంటే సగం పాసు. కారణం ఒక పేజీలో, ఫలితం తిప్పాక ఉంటే పూర్తి పాసు. రెండూ ఎదురెదురు పేజీల్లో కనిపిస్తే ఊహించడానికి ఏం మిగల్లేదు, అప్పుడు కుడి పేజీ మీద అట్టముక్క పెట్టి చదవండి.

ఎక్కడ దొరుకుతాయంటే, తార్నాకలో 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్ళవి తెలుగులో బాగుంటాయి, రేటు కూడా భరించగలం. నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ళ నెహ్రూ బాల పుస్తకాలయం పుస్తకాలు అడగండి. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ సైట్‌లో తెలుగు కథలు ఉచితం, ఫోన్‌లో మీరు చూసి, నచ్చినది ప్రింట్ తీసి వాడి చేతికివ్వండి. ఫోనే ఇవ్వకండి, పేజీ మూల పట్టుకుని ఆగడం తెర మీద కుదరదు, వీడియో అయితే అసలు ఆగదు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఓపిగ్గా వెతికితే మాటల్లేని బొమ్మల పుస్తకాలు తక్కువకి దొరుకుతాయి. భాష ఏదైనా పరవాలేదు, మాటలు మీరే పెట్టుకుంటారు కదా. డజను ఉన్నాయి కాబట్టి మీకు ఇప్పట్లో కొత్తవి అక్కర్లేదు, నన్నడిగితే వాటిలో మూడు బయట ఉంచి మిగతావి అటక మీద పెట్టేయండి. పదిసార్లు చదివిన పుస్తకంలోనే కారణాలు కనిపిస్తాయి.

ఇవన్నీ చేశాక కూడా "ఏమో" అంటే? అప్పుడు మీరు తప్పు చెప్పండి. ఇది నా దగ్గరున్న ఆఖరి అస్త్రం, ఇప్పటిదాకా ఒక్కసారి కూడా గురి తప్పలేదు. "ఎందుకు పడింది?" అని అడగకుండా, చాలా సీరియస్‌గా మొహం పెట్టి, "పాపం, కాకి అరిచింది కాబట్టి ఏనుగు పడిపోయింది" అనండి. అని పేజీ తిప్పబోండి. మీ వాడు మీ చెయ్యి పట్టుకుని ఆపుతాడు చూడండి. "కాకి కాదు నాన్నా! ఇదిగో, తాడు చూడు, తాడు!" అని వేలితో ఆ మూల పొడిచి పొడిచి చూపిస్తాడు. మీరు వెంటనే ఒప్పుకోకండి. "తాడా? కాకే అనుకున్నానే. కాకి అరవకపోతే పడేది కాదేమో?" అని ఇంకో రెండు నిమిషాలు బుకాయించండి.